తాళాలు దించను

అత్తగారు స్నానాల గదిలో ఉండగా పెద్దక్క బయట గడియ పెట్టేసి డ్యూటీకి వెళ్ళిపోయింది.

కావాలని పెట్టలేదు. కోపంతోనూ పెట్టలేదు. అత్తాకోడళ్ళ మధ్య ముందురోజు మాటామాటా పెరిగిందా అంటే అదీ లేదు. అలాంటిదేదైనా జరిగి ఉంటే చెప్పుకోవడానికి ఒక కారణమైనా దొరికేది. పొద్దున్నే యూనిఫారం తొడుక్కుని, బెల్టు బిగించుకుని వరండాలో నడిచి వెళ్తోంది. పక్కన మూసిన తలుపు కనబడింది. చెయ్యి దానంతటదే లేచింది, గడియ లాగింది, పడిందో లేదో ఒకసారి ఊపి చూసింది. ఏళ్ళ తరబడి జైల్లో ఏ తలుపు దగ్గరైనా ఆ చెయ్యి చేసే పని అదే. తర్వాత ఆవిడ చెప్పులేసుకుని, బస్సెక్కి, టికెట్ తీసుకుని, కిటికీ పక్కన కూర్చుని నిమ్మళంగా వెళ్ళిపోయింది.

అత్తగారు తక్కువ మనిషి కాదు. కాసేపు తలుపు బాదింది. కాసేపు కోడల్ని తిట్టింది. కోడలికి వినబడదని తెలిశాక ఆ వాటా కూడా కలిపి కొడుకుని తిట్టింది. గొంతు పోయాక బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చుంది. మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన మనవరాలు గడియ తీసేసరికి ముసలావిడ తడి తువ్వాలు భుజాల చుట్టూ కప్పుకుని వణికిపోతోంది.

"మీ అమ్మ నన్ను అరెస్టు చేసిందే," అంది, పోయిన గొంతుతోనే.

పది మందికీ చెప్పుకుని నవ్వుకోవాల్సిన సంగతి. సాయంత్రం పెద్దక్క ఇంటికొచ్చేసరికి ఆవిడ మొగుడు నవ్వడానికి తనవంతు ప్రయత్నం చేశాడు కూడా. అత్తగారు కోడలి మొహం చూసి, అప్పటిదాకా పోగేసుకున్న తిట్లన్నీ మింగేసింది. కూతురు మాత్రం నవ్వలేదు. తువ్వాలు పట్టుకుని స్నానానికి వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"అమ్మా, నేను తలుపు తీసిపెట్టుకుని స్నానం చెయ్యనా?"

పెద్దక్కకి అర్థమైంది. తన పిల్ల తనకి భయపడుతోంది. జైల్లో ఎవరెవరో ఆవిడకి భయపడ్డారు, అది జీతంలో భాగమనుకుంది. ఇది మాత్రం ఏ జీతంలోనూ భాగం కాదు.

"నువ్వు తలుపేసుకో తల్లీ. నేను వీధిలో నిలబడతాను," అంది. అన్నట్టే వెళ్ళి వీధిలో నిలబడింది. లోపల నీళ్ళ చప్పుడు ఆగేదాకా కదల్లేదు.

జైల్లో ఆవిడ ఆడ బ్లాకు వార్డరు. పెద్దక్క అన్న పేరు ఎవరు పెట్టారో గుర్తు లేదు గానీ ఖైదీలూ అదే అంటారు, తోటివాళ్ళూ అదే అంటారు. ఆడ బ్లాకు ఒక ప్రత్యేక రాజ్యం. దాని తాళాలు మగవాడు ముట్టుకోకూడదు. జైలరైనా సరే, ఆయన మీదివాడైనా సరే, గేటు బయట బుద్ధిగా నిలబడాలి. ఆడ వార్డరు వచ్చి తీస్తే లోపలికి రావాలి, ఆవిడ వెంట ఉంటేనే నడవాలి. లోపల గదుల తాళాలు పెద్దక్క నడుముకి ఉంటాయి. బ్లాకు గేటు తాళాలు ఈల నడుముకి ఉంటాయి. ఈల అంటే ఇంకో వార్డరు. ఆవలించినా ఈల వేసి మరీ ఆవలిస్తుందని ఆ పేరొచ్చింది.

బ్లాకులో మనుషుల్ని లెక్కపెట్టడానికి ఒక పద్ధతుంది. దుప్పటి కింద మనిషి ఆకారం కనబడితే చాలదు. ఒంటి మీది చర్మం కనబడాలి, ఊపిరి ఆడుతున్నట్టు కనబడాలి. "చెయ్యి చూపించమ్మా" అంటే దుప్పట్లోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఊగుతుంది. అప్పుడే ఆ మనిషి లెక్కలోకి వస్తుంది.

ఒకరోజు ఆ చెయ్యి రాలేదు. కొత్తగా వచ్చిన పిల్ల, ఇంకా జైలు గోడల వైపు సరిగ్గా చూడనైనా చూడని పిల్ల, ప్రాణం తీసుకోబోయింది. పెద్దక్క గది తెరిచి, ఆ పిల్లని నడుము దగ్గర పట్టుకుని పైకెత్తి, భుజం మీద మోస్తూ నిలబడి కేకలేసింది. సాయం వచ్చేదాకా మోసింది. ఆ సాయమేమో గేటు దాటి రావడానికి ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమైందో ఎవరూ ఆరా తియ్యలేదు, పిల్ల బతికింది కాబట్టి.

జైలు పెద్దక్కని ఊరికే వదిలెయ్యలేదు. ఒక ప్రశంసాపత్రం ఇచ్చింది. జైలరుగారు చప్పట్లు కొట్టించారు. మన శాఖ ఒక కుటుంబం అన్నారు. ఆ కుటుంబం మర్నాడు పొద్దున్నే ఆవిడని అదే బ్లాకులో, అదే గది ముందు డ్యూటీకి నిలబెట్టింది. ఒక్క పూట కూర్చోబెట్టి, నీకెలా ఉందమ్మా అని అడిగిన నాథుడు లేడు. ప్రశంసాపత్రానికి మాత్రం అద్దం కట్టించి ఇచ్చారు.

అప్పటి నుంచి పెద్దక్కకి నిద్ర లేదు. బస్సులో వెనకాల ఎవరైనా నిలబడితే చెమటలు పట్టేవి. ఇంట్లో గోడకి వీపు ఆనించి తప్ప కూర్చునేది కాదు. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుంటే పక్కన నిలబడి, "చెయ్యి చూపించండి" అనేది. మొదట్లో అత్తగారు, "ఏంటే, జాతకం చెప్తావా?" అని వేళాకోళం చేసింది. తర్వాత్తర్వాత మాట్లాడకుండా చెయ్యి పైకెత్తి చూపించడం నేర్చుకుంది. ఆ అలవాటుని ఇల్లు ఇల్లంతా సర్దుకుంది, ఎవరూ దాని పేరెత్తకుండా. ఇప్పుడు గడియ పడ్డాక ఇక సర్దుకునే చోటు మిగల్లేదు.

మొగుడు ఎలక్ట్రీషియను. ఎవరికీ షాకు తగలకుండా పని చక్కబెట్టడం ఆయన వృత్తి, స్వభావం కూడా.

"నాలుగు రోజులు సెలవు పెట్టు. ఊరి అవతల ఎవరో డాక్టరు ఉన్నాడట. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్దాం. మూడో కంటివాడికి తెలియకుండా చూపించుకొచ్చేద్దాం," అన్నాడు.

"కళ్ళద్దాలెందుకు? నేనేమైనా దొంగతనం చేశానా?"

"అది కాదే. మీ జైల్లో తెలిస్తే తాళాలు దించేస్తారు కదా."

తాళాలు దించడం అంటే ఆ జైల్లో అందరికీ తెలుసు. జైల్లోనే సిబ్బంది కోసం వారానికొకసారి మనసు డాక్టరు వస్తాడు. పైవాళ్ళు ఏర్పాటు చేశారు, దాని గురించి గోడ మీద బోర్డు కూడా రాయించారు. ఆయనకిచ్చిన గది సరిగ్గా జైలరు గదికి ఎదురుగా ఉంటుంది. ఎవరు లోపలికి వెళ్ళినా జైలరు తలెత్తితే చాలు, కనబడతారు. పెద్ద గేటు దగ్గర పనిచేసే ఒకాయన పాపం ఆ బోర్డుని నమ్మి వెళ్ళాడు. మర్నాడే ఆయన నడుము నుంచి తాళాలు దించేసి చేతికి నీళ్ళ గొట్టం ఇచ్చారు. ఇప్పటికీ ఆఫీసు ముందు మొక్కలకి నీళ్ళు పోస్తుంటాడు. అందరూ పూలబాబు అంటారు. ఆయన తర్వాత ఆ గది గడప ఇంకెవరూ తొక్కలేదు. తాళాల్లేని వార్డరు ఆ జైల్లో పెళ్ళిలో తప్పిపోయిన చెప్పుతో సమానం.

పైగా హెడ్ వార్డరు పోస్టు ఖాళీ అయింది. పెద్దక్కదే వరస. జైలరుగారే ఆ మాట చెవిన వేశారు.

"ఇంకెవరి దగ్గరికో ఎందుకు వెళ్ళాలి?" అంది అత్తగారు, మంచం మీంచి. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. "చెడగొట్టింది వాళ్ళు. బాగు చెయ్యాల్సింది కూడా వాళ్ళే. వెళ్ళి అక్కడే చూపించుకో. నన్ను బకెట్ మీద కూర్చోబెట్టింది నువ్వు కాదే, వాళ్ళు."

మొగుడు తల పట్టుకున్నాడు. ఆ వారం రోజులూ పెద్దక్క ఇంట్లో ఏ తలుపు పక్కన నడిచినా చేతులు వెనక్కి కట్టుకుని నడిచింది. కూతురు అది చూసి, చూడనట్టు మొహం తిప్పుకుంది. ఆ మొహం తిప్పుకోవడం చూశాకే పెద్దక్క నిర్ణయించుకుంది.

గడియ సంగతి జైలుకి ఎలా చేరిందో గానీ చేరింది. చేరగానే ఈల పెద్దక్కకి కొత్త పేరు పెట్టేసింది. "అదుగో గడియ వస్తోంది, బాత్రూముల్లో ఉన్నవాళ్ళు బయటికొచ్చెయ్యండర్రోయ్!" అని పొద్దున్న హాజరు వేళ అందరి ముందూ అరిచింది. మగ వార్డర్లు పగలబడి నవ్వారు. పెద్దక్క ఈలతో మాటలు మానేసింది.

డాక్టరు వచ్చే రోజు. ఖైదీల భోజనాలు అయ్యి, గదులు మూసి, బ్లాకు సద్దుమణిగే మధ్యాహ్నం వేళ. కొత్తగా చేరిన వార్డరుని బ్లాకు కనిపెట్టుకుని ఉండమని చెప్పి, పెద్దక్క నడుముకి తాళాల గుత్తితోనే ఆఫీసు వైపు నడిచింది. గోడ వారగా నడవలేదు. వరండా మధ్యలో నడిచింది. గుత్తి గలగలలాడింది. ఆడనిచ్చింది.

డాక్టరు బక్కపల్చటి మనిషి. పేపరు మడతపెట్టుకుని గళ్ళనుడికట్టు నింపుతున్నాడు. ఆ గదిలో ఆయన చేసే వైద్యం అంతవరకూ అదే.

"ఎవరు కావాలమ్మా?" అన్నాడు.

"మీరే. నాకు బాగోలేదు."

"మీకా?" ఆయన పెన్ను కింద పడింది. గబగబా లేచి, తలుపు మూయడానికి వెళ్ళాడు.

"వద్దు సార్. తీసే ఉంచండి."

"మీరు చెప్పేవి బయటికి వినబడతాయి."

"వినబడనివ్వండి. మూసిన తలుపు చూస్తే నా చెయ్యి ఊరుకోదు. ఆ సంగతి చెప్పుకోవడానికే వచ్చాను."

కుర్చీ లాక్కుని గోడకి వీపు ఆనించి కూర్చుంది. డాక్టరు అది గమనించాడు. అప్పుడు పెద్దక్క మొదలుపెట్టింది. అత్తగారి సంగతి చెప్పింది. దుప్పట్లోంచి రాని చెయ్యి గురించి చెప్పింది. కళ్ళు మూస్తే భుజం మీద ఆ పిల్ల బరువు దిగుతుందని, మెలకువగా ఉంటే ఆ భుజం లాగుతుందని చెప్పింది. కూతురు అడిగిన మాట కూడా చెప్పింది. ఆవిడది పదిమందికి వినబడేలా మాట్లాడే గొంతు. బ్లాకులో ఆ చివర నుంచి ఈ చివరకి పిలిచి పిలిచి అలా తయారైంది. పక్కగదిలో గుమాస్తా టైపు కొట్టడం ఆపేశాడు. భోజనం చేసి, డబ్బాలు కడుక్కుని వస్తున్న మగ వార్డర్లు నడక తగ్గించారు. నవ్వుదామని ఆగినవాళ్ళు నవ్వకుండా నిలబడిపోయారు.

"ఇది పిచ్చా సార్?" అని అడిగింది చివరికి.

"కాదు. అంతటిది చూసి కూడా మీకేమీ కాకుండా ఉంటే నేను భయపడేవాణ్ణి," అన్నాడు డాక్టరు. "ఇది తగ్గుతుంది. ముందు నిద్ర పట్టించాలి. వారం వారం వచ్చి ఇలాగే మాట్లాడాలి. కొన్నాళ్ళు ఆ గది ముందు డ్యూటీ వద్దని నేను రాసిస్తాను. తాళాలు తియ్యమని రాయను. దానికీ దీనికీ సంబంధం లేదు."

ఇంతలో గుమ్మంలో జైలరుగారు. నల్లగా రంగేసిన జుట్టు, నవ్వు మొహం.

"ఏంటమ్మా ఇది? ఇంట్లో పెద్దవాణ్ణి నేనొకణ్ణి ఉన్నాను కదా, నాకు చెప్పుకోవచ్చు కదా! తలుపులు బార్లా తీసి, నలుగురిలో మన పరువు తీసుకుంటామా?"

"నలుగురిలో చప్పట్లు కొట్టించినప్పుడు లేని పరువు ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది సార్?"

వరండాలో ఎవరో దగ్గారు. జైలరు గొంతు తగ్గించి దగ్గరికొచ్చాడు. "చూడు. హెడ్ వార్డరు పోస్టుకి నీ పేరు పంపుతున్నాను. జ్వరం అని చెప్పి నాలుగు రోజులు ఇంట్లో ఉండు. నువ్వు ఈ గదిలోకి రాలేదు, నేను చూడలేదు. అందరికీ మంచిది."

పెద్దక్కకి ఆశ పుట్టకపోలేదు. ఆవిడా మనిషే. భుజం మీద కొత్త పట్టీ, బ్లాకంతా తన చేతికింద, మొగుడు పదిమందికీ గొప్పగా చెప్పుకోవడం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు కదిలాయి. జ్వరం అన్న ఒక్క మాటతో అన్నీ దక్కుతాయి. దక్కాక ఇంటికెళ్ళి కూతురికేం చెప్పాలి? నీకు భయం పుట్టించిన జబ్బు నాకు లేదని చెప్పాలి. నువ్వు చూసింది నువ్వు చూడలేదని చెప్పాలి. జైలరు తనకి చెప్పిన మాటే తను పిల్లకి చెప్పాలి.

"నాకు జ్వరం రాలేదు సార్," అంది. "ఒళ్ళు చల్లగానే ఉంది. ఇక్కడ పని చేస్తే వచ్చేదే వచ్చింది. ఎవరడిగినా అదే చెప్తాను."

జైలరు మొహంలో నవ్వు చెరిగిపోయింది. "అయితే తాళాలు దించు."

"దించను."

"ఏంటీ?"

"దించను సార్. ఇన్నేళ్ళలో నేను తాళం వెయ్యడం మర్చిపోయానా? తియ్యకూడని చోట తీశానా? మరీ ఎక్కువగా వేస్తున్నాననే కదా నా జబ్బు! నాకు నిద్ర పట్టదని తాళాలు దించుతారు, బాగుంది. ఈ జైల్లో నిద్ర పట్టనివాళ్ళందరి తాళాలూ దించండి. రేపు పొద్దున్న ఆ పెద్ద గేటు ఎవరు తీస్తారో నేనూ చూస్తాను."

వరండాలో నిలబడ్డ మగవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకోలేదు. అందరూ నేలకేసి చూశారు.

జైలరుకి ఒళ్ళు మండింది. ముందుకొచ్చి గుత్తి కోసం చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి సగంలో ఆగిపోయింది. అవి ఆడ బ్లాకు తాళాలు. ముట్టుకుంటే ముందు ఆయన తాళాలే దిగుతాయి. డ్యూటీ మధ్యలో వాటిని దించాలంటే అందుకోవడానికి ఆడ వార్డరు ఎదురుగా ఉండాలి.

"ఈలని పిలవండి!" అని అరిచాడు.

ఈల పరుగున వచ్చింది. వస్తూనే వరండాలో జనాన్ని, గదిలో పెద్దక్కని, జైలరు మొహాన్ని చూసి సంగతి గ్రహించింది. పెద్దక్క కూడా గ్రహించింది. గడియ అని పేరు పెట్టిన మనిషి ఇంతకన్నా సంబరంగా అందుకునేది ఇంకేముంటుంది?

"ఈవిడ దగ్గర తాళాలు తీసుకో," అన్నాడు జైలరు. "ఇవాళ్టి నుంచి గదులు కూడా నువ్వే చూస్తావు."

ఈల కదల్లేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నీకే చెప్పేది. వినబడలేదా?"

"వినబడింది సార్. నేను తీసుకోను."

"మీరిద్దరూ కూడబలుక్కున్నారా?"

"ఎక్కడ సార్, ఈవిడ నాతో మాట్లాడితేగా! ఈవిడకి గడియ అని పేరు పెట్టింది నేనే." ఈల నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఎప్పుడూ గణగణలాడే గొంతు ఒక్కసారి చిన్నదైపోయింది. "ఆ రోజు గేటు తియ్యడం ఆలస్యం చేసింది కూడా నేనే సార్. ఈవిడ లోపల ఆ పిల్లని మోస్తూ అరుస్తోంది. బయట కాంపౌండరు నిలబడ్డాడు. నా చేతికి గేటు తాళంచెవి దొరకలేదు. రోజూ తీసే తాళమే. ఒకటి పెట్టాను, కాదు. ఇంకోటి పెట్టాను, కాదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పటికీ ఇంట్లో ముద్ద కలుపుతుంటే వేళ్ళు ఆ తాళంచెవిని వెతుక్కుంటూనే ఉంటాయి. అందుకే ఈవిణ్ణి చూస్తే ఏదో ఒకటి అని నవ్వాలనిపించేది. నవ్వకపోతే ఏడుపొచ్చేది."

ఆ రోజు గేటు ఎందుకు తెరుచుకోలేదో ఇన్నాళ్ళూ పెద్దక్క కూడా అడగలేదు.

జైలరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. బ్లాకులో ఉన్న మూడో వార్డరుని పిలుద్దామంటే లోపల మనిషుండదు. ఇద్దరి తాళాలూ దించుదామంటే అందుకునే చెయ్యి లేదు. "పైకి రాస్తాను. ఇద్దరి మీదా రాస్తాను," అన్నాడు.

"రాయండి సార్," అంది పెద్దక్క. "తలుపు తీసి పెట్టుకునే మాట్లాడామని కూడా రాయండి. వినడానికి ఇంతమంది ఉన్నారు, సాక్ష్యానికి కొదవ లేదు."

ఆయన విసవిసా తన గదిలోకి వెళ్ళి తలుపు మూసుకున్నాడు. రాస్తాడు, అందులో అనుమానం లేదు. హెడ్ వార్డరు పోస్టు పోయినట్టే. పెద్దక్కకి ఆ సంగతి తెలుసు. తెలిసినా, ఎన్నాళ్ళనుంచో బిగుసుకుపోయిన భుజం కొంచెం కిందికి దిగింది.

ఈల ఇంకా గుమ్మంలోనే ఉంది. "సార్, మీకింకా టైముందా?" అని డాక్టరుని అడిగింది.

"నాకు ఇక్కడ చేరినప్పట్నుంచీ టైమే ఉందమ్మా," అన్నాడాయన. గళ్ళనుడికట్టు పేపరు తీసి బల్ల సొరుగులో పడేశాడు.

ఈల లోపలికి అడుగు పెట్టబోయి ఆగింది. వరండా నిండా జనం చూస్తుండగా, బెల్టుకున్న గేటు తాళాల గుత్తి విప్పి పెద్దక్క చేతిలో పెట్టింది.

"నేను బయటికొచ్చేదాకా నీ దగ్గర ఉంచు అక్కా. ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వలేను."

పెద్దక్క రెండు గుత్తులూ నడుముకి తగిలించుకుని బ్లాకు వైపు నడిచింది.